ఆలయ కుడ్యములు – చిత్రకారుని దృష్టి

శ్రీమన్నారాయణుడే ప్రథమ చిత్రకారుడని విష్ణుధర్మోత్తర పురాణము చెప్పుచున్నది. బదరికాశ్రమమున నరనారాయణ మహర్షులు తపోనిష్ఠులై యుండగా, వారి తపమును చెఱచుటకు అప్సరసలు వచ్చిరట. నారాయణ ముని వారిని కోపింపలేదు, శపింపలేదు. చెంతనున్న మామిడి రసమును గైకొని తన ఊరువుపై ఒక స్త్రీరూపమును లిఖించెను. ఆ రూపమే సజీవమై ఊర్వశి యయ్యెను. ఆమె సౌందర్యమును గాంచిన అప్సరసలు సిగ్గుపడి వచ్చిన దారిని వెడలిపోయిరి. పిదప ఆ మహర్షి లోకహితము కొఱకు ఆ విద్యను విశ్వకర్మకు ఉపదేశించెను.

ఈ కథలో చాలమంది ఊర్వశిని గుర్తుంచుకొందురు. ఉపదేశము పొందినవానిని మఱచిపోదురు. విశ్వకర్మ యనగా ఎవరు? దేవతలకు పురములను, సౌధములను, సభామంటపములను నిర్మించువాడు. చిత్రవిద్య మొట్టమొదట చేరినది కట్టడములు కట్టువాని చేతికి. కావున మన సంప్రదాయమున చిత్రము కట్టడమునకు అంగమే గాని, కట్టడము పూర్తియైన పిదప తెచ్చి తగిలించు వస్తువు కాదు. అంగడిలో కొన్న పటమును ఏ మేకుకైనను వ్రేలాడదీయవచ్చును. నచ్చనిచో తీసి వేఱొక గదిలో పెట్టవచ్చును. గోడమీది చిత్రమునకు రెండవ చోటు లేదు. అది పుట్టిన గోడతోడనే జీవించును, ఆ గోడతోడనే నశించును.

అందుచేత భిత్తిచిత్రకారుడు కుంచె పట్టుటకు ముందు చాలసేపు కట్టడమును చూచును. వెలుగు ఎటనుండి వచ్చుచున్నది? వచ్చినవాడు ఎచట నిలుచును, తల ఎంత ఎత్తునకు ఎత్తును? వానకాలమున ఏ గోడ చెమర్చును? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకిన గాని ఆతడు రేఖ గీయడు. సామాన్య భక్తుడు మండపమును దాటి స్వామి సన్నిధికి త్వరపడును. చిత్రకారునకు మండపమే మొదటి పాఠము.

మండపమన నేమో తెలియుటకు పాలమూరు ప్రాంతీయులు దూరము పోనక్కఱలేదు. మహబూబ్‌నగర్ పట్టణ సమీపమున ప్రసిద్ధమైన పిల్లలమఱ్ఱి కలదు. ఏడువందల యేండ్ల నాటిదని చెప్పుకొందురు. ఊడలు నేలకు దిగి, నేలలో నాటుకొని, స్తంభములై, కొన్ని ఎకరముల మేర పైకప్పును మోయుచున్నవి. లోపల అడుగిడినవానికి ఎండ ముక్కలు ముక్కలుగా జారి పడును. ఒక చోట నీడ దట్టముగ, ఒక చోట పలుచగ నుండును. స్తంభములు, వాని నడుమ ఖాళీ, పైన కప్పు, ప్రక్కలనుండి చొరబడు వెలుగు: మంటపమునకు కావలసినవన్నియు అచట కలవు. మన శిల్పులు ఇట్టి చెట్లనీడలో కూర్చుండియే నూఱుకాళ్ళ మండపములను తలపోసిరేమో!

ఈ పిల్లలమఱ్ఱి పేరే గల ఊరు మఱియొకటి దక్షిణ తెలంగాణమున కలదు. అది సూర్యాపేట చెంతనున్నది. 2016 వఱకు నల్లగొండ జిల్లాలోనిది. కాకతీయుల కాలమున రేచెర్ల రెడ్డి ప్రభువుల యేలుబడిలో వెలసిన ఆలయములచే ఆ ఊరు పేరొందినది. నామిరెడ్డి 1202లో నామేశ్వరాలయమును, బేతిరెడ్డి భార్య ఎఱకసాని 1208లో ఎఱకేశ్వరాలయమును కట్టించిరి. అద్దమువలె నునుపు చేసిన నల్లరాతి స్తంభములను చూచి యాత్రికులు ఆశ్చర్యపడుదురు. కాని నామేశ్వరాలయ ముఖమండపమున నిలిచి తల పైకెత్తువారు తక్కువ. అచట దూలము మీద కాకతీయుల నాటి వర్ణచిత్రపు జాడ యొకటి కలదు. ఆ చిత్రము క్షీరసాగర మథనము.

శివాలయమున విష్ణులీల యేల యని కొందఱకు సందేహము కలుగవచ్చును. హాలాహలమును మ్రింగినవాడు అందే యున్నాడు, మందరగిరిని వీపున మోసిన కూర్మరూపుడును అందే యున్నాడు. ఆ సందేహము ఆ చిత్రకారునకు కలిగినట్లు లేదు. ఆతనికి కలిగిన ప్రశ్న వేఱు. ఈ దూలము పొడవైనది, సన్ననిది. దీనిమీద ఏ కథ నిలుచును? త్రివిక్రముడు నిలువడు, ఆ స్వామికి నిలువెత్తు చోటు కావలెను. గజేంద్రమోక్షము ఇమడవచ్చును గాని, కొలను విశాలత కనబడదు. పొడవైన దూలమునకు పొడవైన వాసుకియే తగును! నడుమ కవ్వపుకొండ, ఒకవైపు వరుసగ దేవతలు, వేఱొకవైపు వరుసగ అసురులు, ఈ చివరనుండి ఆ చివర వఱకు లాగి పట్టిన సర్పము. దూలమే త్రాడైనది. కట్టడము తనకు తానే కథను కోరుకొన్నది. చిత్రకారుడు దాని మాట వినెను.

మఱియొక విశేషము. దూలము తలపైన నుండును. దానిక్రింద నిలిచిన భక్తుడు ఒకవైపు దేవతలకు, ఒకవైపు అసురులకు నడుమ, అనగా కవ్వముండు చోట నిలిచినవాడగును. ఇది చిత్రకారుడు బుద్ధిపూర్వకముగ చేసినదో, కాదో చెప్ప నలవికాదు. అచట నిలిచినవానికి మాత్రము ఆ భావము తోచును.

లేపాక్షి వీరభద్రాలయ మండప వితానమున గల వటపత్రశాయిని చూచినవారికి ఇదే సంగతి వేఱొక విధముగ తెలియును. అది 16వ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలము నాటి పని. ప్రళయజలముల మీద మఱ్ఱియాకున పవళించి, కాలి బొటనవ్రేలిని నోట నుంచుకొన్న బాలుని గోడమీద వ్రాసినచో, ఆ శిశువు నిలువున నిలిచినట్లుండి చూపఱకు ఇబ్బంది కలుగును. పైకప్పున వ్రాసినచో, చూచువాడు మెడ వంచి పైకి చూడగా జలరాశి అంతయు తలపై నున్నట్లు తోచును. మార్కండేయుడు ప్రళయమున మునిగి చూచిన చూపు అదియే. ఎచట నిలిచి చూచినను ఆ బాలుడు తనవైపే చూచుచున్నాడని యాత్రికులు మురియుదురు. చిత్రమున కనుపాపను కంటి నడుమ తిన్నగ నిలిపినచో ఇట్లు తోచుట సహజమే. అయినను ఆ మురిపెము తగ్గదు.

ఇక వెలుతురు మాట. ఆలయమున లోనికి పోవుకొలది వెలుగు తగ్గును. ప్రాకారమున ఎండ, ముఖమండపమున నీడ, అంతరాళమున మసక, గర్భాలయమున దీపము. కన్ను చీకటికి అలవడుటకు కొన్ని నిమిషములు పట్టును. ఆ నిమిషములను పూర్వులు ప్రదక్షిణముచేతను, మండపమున నిరీక్షణముచేతను సమకూర్చిరి. త్వరపడి పరుగెత్తినవానికి స్వామి కనబడడు, దీపము మాత్రమే కనబడును. ఆలంపురమున 7వ శతాబ్దపు చాళుక్య నిర్మాణములైన నవబ్రహ్మాలయములలో ఈ యుపాయము మిగుల స్పష్టము. ప్రదక్షిణ పథమున గోడలకు రాతి జాలకములు అమర్చిరి. తీగలు, చక్రములు చెక్కిన ఆ జాలకముల గుండ వెలుగు వడగట్టబడి లోనికి వచ్చును. పగటివేళ ఆ రాతినేలపై వెలుగే ముగ్గు పెట్టును.

చిత్రమునకు తగిన చోటు ఈ నడిమి మసక. మిక్కిలి ఎండ తగిలిన రంగు వెలిసిపోవును. మిక్కిలి చీకటిలో రంగునకు పనిలేదు. కావుననే సాధారణముగ చిత్రములు మండపములలోను, ప్రదక్షిణ మార్గములలోను కనబడును. గర్భాలయమునకు దీపకాంతియే అలంకారము. తిరుమల యాత్రికులు అద్దాల మండపమును ఎఱుగుదురు. అచట ఒక్క దీపము వేయి దీపములగును. ఆనందనిలయమున వేయి కన్నులు ఒక్క దీపమువైపు చూచును. రెండును వెలుగుతో చేసిన పనులే, పద్ధతులు మాత్రము వేఱు.

చోటు కుదిరిన పిదప గోడను సిద్ధపఱుపవలెను. ఈ పనిని గూర్చి విష్ణుధర్మోత్తరము మూడవ ఖండమున గల చిత్రసూత్రము చాల వివరముగ చెప్పును. మూడు విధముల ఇటుకల పొడిలో మన్ను కలిపి, గుగ్గులు, మైనము, బెల్లము, నూనె మున్నగునవి చేర్చి, కాల్చిన సున్నము, మారేడు గుజ్జు, ఇసుక కూర్చి, నెలదినములు నీట నాననీయవలెను. అటుపిమ్మట పలుచగ, ఎగుడు దిగుడులు లేకుండ పూసి, ఆఱిన తరువాత మెఱుగు పెట్టి, పాలతో మాటిమాటికి తడిపి నునుపు చేయవలెను. ఇట్టి భిత్తి నూఱేండ్లు గడచినను చెడదని గ్రంథకర్త ధీమాగా చెప్పెను. కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసము ఎనుబోతు చర్మమును వెన్నవలె మెత్తబడువఱకు ఉడికించి చేయు వజ్రలేపమును చెప్పును. పాలమూరు, నల్లగొండ సీమలు ఆ చాళుక్యుల యేలుబడిలోనివే. పిల్లలమఱ్ఱి చిత్రకారుడు ఆ గ్రంథమును చదివెనో లేదో గాని, ఆ చేతిపని వాడుక ఈ నేలకు క్రొత్తది కాదు.

ఇందులో వింత యేమియు లేదని పాతకాలపు తాపీపనివారు చెప్పుదురు. డంగు సున్నము ఎఱిగినవారికి ఇది ఇంటి విద్యయే. రాతి గాడిలో ఎడ్లచే బండ త్రిప్పించి, సున్నమును ఇసుకతో నూఱి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు పోసి, దినములకొలది మాగనిచ్చి వాడెడివారు. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మరల రాయిగా మాఱును. తడి సున్నముపై వేసిన రంగు ఆ రాతిలోనే బందీ యగును. 1508 నుండి 1512 వఱకు రోము నగరమున సిస్టైన్ ప్రార్థనాలయపు కప్పుపై మైకెలాంజెలో వ్రాసిన చిత్రములకును ఈ సున్నపు గుణమే ఆధారము. మన దేశమున ఆఱిన గచ్చుపై జిగురుతో రంగు పట్టించు పద్ధతియే ఎక్కువ వాడుకలో నుండెను. గచ్చు మంచిదైనచో అదియు శతాబ్దములు నిలుచును. తెలంగాణమున నకాశీ చిత్రకారులు బట్టపై చింతగింజల జిగురు, తెల్లమన్ను పూసి పటములు వ్రాయుదురు. ఆ పటము చుట్టబడును, విప్పబడును, ఊరూర తిరుగును. గోడ కదలదు, కావున గోడకు సున్నమే దిక్కు.

పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలు కట్టిరని వాడుక. రాతిపనియు, మట్టిపనియు ఎఱిగిన చేతులకు ఈ జిల్లా పుట్టినిల్లు. చిత్రమును మెచ్చువారు వ్రాసినవానిని మెచ్చుదురు. గచ్చు నూఱినవాని ఊసెత్తరు. మంచి చిత్రకారుడు మాత్రము వాని పేరును మఱువడు.

చిత్రమును ఎవరెవరు దేనికొఱకు మెచ్చుదురో చిత్రసూత్రమున ఒక చక్కని మాట కలదు. ఆచార్యులు రేఖను, విచక్షణులు నీడవెలుగుల పొందికను, స్త్రీలు భూషణములను, తక్కినవారు రంగుల సమృద్ధిని మెచ్చుదురని దాని భావము. స్త్రీలకు నగలే ప్రియమనుట గ్రంథకర్త చూపిన చిన్నచూపు. తెల్లవాఱుజామున వాకిట చేయెత్తకుండ చుక్కలముగ్గు కలుపు గృహిణికంటె రేఖ తెలిసినవా రెవరు?

ఆ గ్రంథమే గృహస్థునకు ఒక కట్టడి చేసినది. శృంగార, హాస్య, శాంత రసముల చిత్రములే ఇండ్లలో నుండవలెను. తక్కిన రసములు గృహమున తగవు. దేవాలయములందును, రాజసభలందును అన్ని రసములు ఉండవచ్చును. దీని తాత్పర్యమును యాదగిరిగుట్ట భక్తులు సులభముగ గ్రహింపగలరు. ఆ క్షేత్రమున నరసింహుడు జ్వాలా, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపములతో వెలసెనని ప్రసిద్ధి. గుట్టపైన ఐదు రూపములును వందనీయములే. ఆ భక్తుల ఇండ్లలో చూడుడు: పూజామందిరమున నుండునది తొడపై లక్ష్మిని కూర్చుండబెట్టుకొన్న లక్ష్మీనరసింహుని పటమే. హిరణ్యకశిపుని చీల్చుచున్న పటమును భోజనశాలలో తగిలించినవారు అరుదు. గ్రంథము చదివి చేసిన పని కాదది. నిద్రలేచిన పిల్లవాని చూపు మొదట దేనిపై పడవలెనో పెద్దలకు తెలియును. యుద్ధమున చచ్చినవారి చిత్రములు, దుఃఖించువారి చిత్రములు ఇంట వలదనుటలో గల లౌకిక వివేకమును ఈనాటి గృహస్థులును ఆలోచింపవలసియున్నది. గోడనిండుగ పటములు తగిలించుట భక్తికి కొలత కాదు. పాతకాలపు భవంతి ఇంట నడుమ ఆకాశము, చుట్టు కొయ్యస్తంభములు, గోడలో దీపపు గూడు, క్రింద జాజు పట్టీ, పైన సున్నపు తెలుపు. ఇంతకు మించి ఏమియు లేదు. ఆ తెలుపులో ఒక్క శ్రీనివాసుని పటము ఎంత నిండుగ నుండెడిదో చూచినవారికి తెలియును.

తన ఇంట తన చేతితో చిత్రము వ్రాయరాదనియు ఆ గ్రంథము చెప్పినది. అట్లైనచో గృహిణి ముగ్గు పెట్టుట తప్పగునా? తప్పు కాదు. మానసోల్లాసము ధూళిచిత్రమును వేఱొక జాతిగ చెప్పినది. పిండితో వేసిన ముగ్గు చీమలకు ఆహారమై సాయంకాలమునకు చెఱగిపోవును. మఱునాడు క్రొత్తది పుట్టును. సూత్రమున చెప్పినది నిలిచియుండు భిత్తిచిత్రమును గూర్చి. నిలిచియుండునది పొరబాటుతో నిలిచిపోయినచో తరతరములు చూడవలసివచ్చునని పెద్దల భయము కాబోలు.

యాదగిరిగుట్ట ఆలయమును కృష్ణశిలతో పునర్నిర్మించి 2022 మార్చి 28న భక్తుల దర్శనమునకు తెఱచిరి. అచట రాయికి రంగు పూయలేదు. ఆళ్వారుల మూర్తులు గల స్తంభములు రాతి నలుపుతోడనే నిలిచినవి. రంగు లేకుండుటయు చిత్రకారుని నిర్ణయములలో నొకటియే. అన్ని ఆలయములకు ఈ వివేకము దక్కుట లేదు. ఉత్సవము వచ్చినదనగనే పాత మండపమునకు రంగు పూయించుట పుణ్యకార్యమని తలచువారు పెక్కుమంది. దాత సద్భావమున ధనమిచ్చును. పనివాడు గోడ గీకి, నూనెరంగు పూసి పోవును. మెఱయుచున్న గోడను చూచి ఊరు సంతోషించును. కాని సున్నపు గోడ ఊపిరి తీయు గోడ. నేలనుండి ఎక్కిన చెమ్మ దానిగుండ బయటికి పోవలెను. నూనెరంగుతోగాని, సిమెంటు గచ్చుతోగాని, పలకలతోగాని దాని నోరు మూసినచో ఆ చెమ్మ లోపలనే నిలిచి, ఉప్పు పేరుకొని, పాతగచ్చును పొరలు పొరలుగా రాల్చును. ఆ పొరలతో ఒకనాటి చిత్రమును రాలిపోవును. కర్పూరపు మసి, స్తంభమునకు ఆనించి వెలిగించిన ప్రమిదల నూనె, కప్పునుండి కాఱు వాననీరు ఇవియు మెల్లమెల్లగ అదే పని చేయుచున్నవి.

రాతిని రక్షించుట ఇంతకంటె సులభము. శ్రీశైలము ఆనకట్ట నీట మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాళ్ళు విప్పి, ఆలంపురమునకు చేర్చి తిరిగి నిలిపిరి. ఈనాడు భక్తులు అచట దర్శనము చేసికొనుచున్నారు. రాతికి అంకె వేయవచ్చును; గచ్చుపై గీచిన రేఖకు అంకె వేయుట ఎట్లు?

అయినను సున్నపు పూత క్రింద చిత్రము బ్రతికియుండుటయు కలదు. తంజావూరు బృహదీశ్వరాలయ ప్రదక్షిణ మార్గమున నాయకరాజుల కాలపు చిత్రముల పొర క్రింద చోళుల నాటి చిత్రము లున్నవని 1931లో అణ్ణామలై విశ్వవిద్యాలయపు గోవిందస్వామి గుర్తించెను. శతాబ్దముల తరబడి ప్రదక్షిణము చేసినవారి భుజము ప్రక్కనే అవి దాగియుండెను. పిదప పురావస్తు శాఖవారు పైపొరను చెడకుండ తీసి, క్రిందిదానిని వెలికి తెచ్చి, రెంటిని కాపాడిరి.

మన ఊళ్ళ ఆలయములలో రంగు పూయుటకు గోడ గీకునపుడు ఎఱ్ఱని గీతయో, కన్నుబొమ్మ వంటి నల్లని వంపో కనబడినచో పనిని అచటనే నిలుపవలెను. నీటితో కడుగరాదు, గుడ్డతో తుడువరాదు, గోటితో పొర తీయరాదు. ఛాయాచిత్రము తీయించి, ధర్మకర్తలకును, దేవాదాయ, పురావస్తు శాఖలకును తెలుపవలెను. ఉత్సవము ఆ గోడ తెల్లబడకయే జరుగవచ్చును. పాలమూరు పిల్లలమఱ్ఱిని చెదలు లోలోపల తొలిచినంత కాలము బయటి ఆకులు పచ్చగనే యుండెను. కొమ్మలు విఱిగిపడిన పిదప 2018లో రోగికి ఎక్కించినట్లు ఆ చెట్టునకు సీసాలతో మందు ఎక్కించిరి. చెట్టు మరల చిగుర్చును. నామేశ్వరాలయ దూలమున వాసుకిని పట్టిన చేతులు ఇప్పటికే మసకబాఱినవి. సూర్యాపేట మీదుగ పోవు యాత్రికులు ఉదయపు వెలుగు మండపములోనికి వచ్చువేళ అచట నిలిచి, కన్ను అలవడువఱకు వేచి, తల పైకెత్తినచో వాని జాడ కానవచ్చును.